కాంట్రాస్ట్ ఒకసారి పడలేదా? మళ్లీ సీటీకి వెళ్లేముందు చేయాల్సిన పనులు

సీటీ స్కాన్‌లో లోపలి భాగాలు స్పష్టంగా కనిపించడానికి నరానికి ఎక్కించే, అయోడిన్ కలిసిన కాంట్రాస్ట్ మందు ఒకసారి పడలేదంటే, ఆ తర్వాత ఏ స్కానింగ్ సెంటర్‌కి వెళ్లినా సాధారణంగా రెండిట్లో ఒకటి జరుగుతుంది. ఫైలు మీద 'అయోడిన్ అలర్జీ' అని చూసి కాంట్రాస్ట్ లేకుండానే స్కాన్ తీసి పంపేస్తారు, డాక్టర్‌కి కావాల్సిన సంగతి అందులో కనిపించదు. లేదంటే బల్ల మీద పడుకోబెట్టాక ఒక ఎవిల్ (అలర్జీ ఇంజెక్షన్), ఒక హైడ్రోకార్టిజోన్ (స్టెరాయిడ్) పొడిచి, మొదట పడని మందునే మళ్లీ ఎక్కిస్తారు. గత కొన్నేళ్ల పరిశోధనలు చూస్తే ఈ రెండూ సరైన దారులు కావు. పడని మందు పేరు తెలుసుకుని దాని బదులు వేరే కాంట్రాస్ట్ వాడటమే అన్నిటికన్నా బాగా పనిచేస్తోంది. 2025లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ, అక్కడి అలర్జీ నిపుణుల అకాడమీ కలిసి ఇచ్చిన ఉమ్మడి సూచనల్లోనూ ఇదే ముఖ్యమైన మాట.

కింద రాసిన మోతాదులు డాక్టర్‌తో మాట్లాడేటప్పుడు మీకు అర్థం కావడానికే. సొంతంగా మందుల షాపులో కొని వేసుకోవడానికి కాదు.

ముందు తేల్చుకోవాల్సింది: అది అలర్జీయేనా?

కాంట్రాస్ట్ లోపలికి వెళ్తుండగానే గొంతు నుంచి పొత్తికడుపు దాకా వేడి పాకుతుంది. నోట్లో ఇనుప రుచి తగులుతుంది. బట్టల్లోనే మూత్రం పోసేశామేమో అన్నంత వెచ్చదనం కింద తెలుస్తుంది. ఒకటి రెండు నిమిషాల్లో తగ్గిపోతుంది. ఇది అందరికీ ఉండేదే, అలర్జీ కాదు. వికారం, ఒక వాంతి కూడా చాలావరకు మందు గుణం వల్లే వస్తాయి. సూది చూసి కళ్లు తిరిగి, చెమటలు పట్టి, బీపీ పడిపోయిందంటే నాడి ఎంత ఉందో అడగండి. భయంతో వచ్చే సొమ్మలో నాడి నెమ్మదిస్తుంది, 50కి కూడా దిగొచ్చు. అలర్జీ వల్ల బీపీ పడితే చాలావరకు నాడి పరుగెడుతుంది. ఇంకో పొరపాటు: మందు నరంలోంచి బయటికి కారి చెయ్యి వాచడం. అది సూది జారడం వల్ల జరిగిన పని. దాన్నీ 'రియాక్షన్' అని రాసేస్తే ఆ మాట జీవితాంతం వెంట వస్తుంది.

దద్దుర్లు, దురద, తుమ్ములు, కనురెప్పలూ పెదవులూ ఉబ్బడం, గొంతు బిగుసుకోవడం, పిల్లికూతలు, బీపీ పడిపోవడం – ఇవి అలర్జీ తరహా లక్షణాలు. కొద్దిపాటి దద్దుర్లు, తుమ్ములతో ఆగితే స్వల్పం. ఒళ్లంతా దద్దుర్లు, ముఖం వాపు, ఆక్సిజన్ పడిపోకుండా వచ్చిన పిల్లికూతలు మధ్యరకం. ఊపిరి ఆడకపోవడం, స్వరపేటిక వాపు, బీపీ పడటం తీవ్రం. ఇకముందు తీసుకునే ప్రతి నిర్ణయం ఈ మూడింటిలో మీది ఏదన్నదాని మీదే నడుస్తుంది. కాబట్టి 'రియాక్షన్ వచ్చింది' అని ఊరుకోకుండా ఏం వచ్చింది, ఎన్ని నిమిషాలకు వచ్చింది, ఏ మందుతో తగ్గింది, ఆస్పత్రిలో ఉంచారా అన్నవి కాగితం మీద పెట్టండి.

'ఇంతకుముందు ఎప్పుడూ ఎక్కించుకోలేదు, మొదటిసారే ఎలా వచ్చింది?' అని చాలామంది అడుగుతారు. మామూలు అలర్జీలో శరీరం ముందు ఒకసారి ఆ పదార్థాన్ని చూసి, దానిమీద ఐజీఈ యాంటీబాడీలు తయారుచేసుకోవాలి. కాంట్రాస్ట్ విషయంలో చాలాసార్లు ఆ మెట్టే ఉండదు, మందు నేరుగా మాస్ట్ కణాలనే అలర్జీ కణాలను తట్టి, దద్దుర్లూ దురదా తెప్పించే హిస్టమిన్ విడుదల చేయిస్తుంది. అందుకే ముందు రోజు బాహ్య చర్మం మీద చేసే పరీక్ష గానీ, స్కాన్‌కి ముందు కొంచెం ఎక్కించి చూసే 'టెస్ట్ డోస్' గానీ ఎవరికి వస్తుందో చెప్పలేవు. టెస్ట్ డోస్‌కి ఏమీ కాని మనిషికి పూర్తి డోస్‌తో తీవ్రంగా రావచ్చు. ఆ కొంచెంతోనే రావడమూ ఉంది.

రొయ్యల సంగతి

కోస్తా జిల్లాల్లో ఈ ప్రశ్న వినని స్కానింగ్ సెంటర్ ఉండదు: 'రొయ్యలు పడవు, పీతలు పడవు, కాంట్రాస్ట్ ఎక్కించుకోవచ్చా?' ఎక్కించుకోవచ్చు. రొయ్యల్లో పడనిది ట్రోపోమయోసిన్ అనే కండర ప్రోటీన్. దానికీ కాంట్రాస్ట్‌కీ చుట్టరికం లేదు. రెండిట్లోనూ అయోడిన్ ఉందన్న ఒక్క సంగతి పట్టుకుని పుట్టిన భయం ఇది. అయోడిన్ మన థైరాయిడ్ హార్మోన్‌లోనే ఉంది, వంటింటి ఉప్పులో ఉంది. దానికి అలర్జీ ఉండి బతకడం కుదరదు. బెటాడిన్ రాస్తే మంట, పొక్కులు వచ్చినవాళ్లకూ ఇదే జవాబు.

ఏ అలర్జీ అయినా ఉన్నవాళ్లకు, అది వేరుసెనగ కావచ్చు, దుమ్ము కావచ్చు, కాంట్రాస్ట్ రియాక్షన్ అవకాశం మిగతావాళ్లకన్నా రెండు మూడు రెట్లు ఎక్కువ. కానీ అసలు అవకాశమే చిన్నది కాబట్టి, ఆ కారణంతో మందు ఆపాల్సిన పని లేదు, ముందుగా స్టెరాయిడ్ ఇవ్వాల్సిన పనీ లేదు. 1990లో జపాన్‌లో 3,37,647 స్కాన్‌లు లెక్కగట్టి చూశారు. పాతకాలపు అయానిక్ మందులతో అన్నిరకాల ఇబ్బందులు కలిపి 12.66 శాతం మందికి వస్తే, వాటి తర్వాత వచ్చిన నాన్‌అయానిక్ మందులతో 3.13 శాతం. తీవ్రమైనవి 0.22 శాతం నుంచి 0.04 శాతానికి దిగాయి. ఇప్పుడు నరానికి ఎక్కించేవి నాన్‌అయానిక్ మందులే.

థైరాయిడ్ మాట వేరు. థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తున్నవాళ్లకు, రేడియోఅయోడిన్ వైద్యం చేయించుకోబోతున్నవాళ్లకు కాంట్రాస్ట్‌లోని అయోడిన్ నిజంగానే అడ్డు వస్తుంది. అది అలర్జీ కాకపోయినా డాక్టర్‌కి తప్పకుండా చెప్పాలి.

మందు పేరు పట్టుకోవడం

అన్నిటికన్నా ఎక్కువ శ్రమ పెట్టాల్సిన పని ఇదే, అందరూ వదిలేసేదీ ఇదే. డిశ్చార్జ్ సమ్మరీలో 'కాంట్రాస్ట్‌కి అలర్జీ' అని ఉంటుంది, ఏ కాంట్రాస్టో ఉండదు. సెంటర్‌కి ఫోన్ చేసి స్కాన్ తేదీ, పేషెంట్ ఐడీ చెప్పి ఆ రోజు వాడిన మందు పేరు, గాఢత, ఎన్ని మి.లీ. ఎక్కించారో అడగండి. రిజిస్టర్‌లోనో, బిల్లులోనో, స్కాన్ రిపోర్టులో 'టెక్నిక్' అన్న చోటో దొరుకుతుంది. రియాక్షన్ వచ్చిన రోజే అయితే సీసా లేబుల్ ఫొటో తీసి ఇవ్వమని టెక్నీషియన్‌ని అడగండి. ఫొటోలో బ్యాచ్ నంబరు కూడా పడాలి.

లేబుల్ మీద రెండు పేర్లుంటాయి. పెద్ద అక్షరాల్లో ఉండేది బ్రాండు: ఓమ్నిపేక్, విజిపేక్, అల్ట్రావిస్ట్, ఐయోమెరాన్ లాంటివి. దాని కింద చిన్నగా ఉండేది అసలు మందు: ఐయోహెక్సాల్, ఐయోడిక్సనాల్, ఐయోప్రొమైడ్, ఐయోమెప్రాల్. మీకు కావాల్సింది ఆ చిన్నక్షరాల పేరు. ఒకే ఐయోహెక్సాల్‌ని వేర్వేరు కంపెనీలు వేర్వేరు పేర్లతో అమ్ముతాయి, బ్రాండు మారినంత మాత్రాన మందు మారినట్టు కాదు. పక్కనుండే 300, 350 అంకెలు ఒక మి.లీ.లో ఎన్ని మి.గ్రా. అయోడిన్ ఉందో చెప్పేవి. 350 పడలేదు కదా అని 300 అడిగితే అదే మందు కాస్త పలచగా వస్తుంది, అంతే.

పేరు ఎంత ప్రయత్నించినా దొరక్కపోతే ఆ సెంటర్‌లో అప్పట్లో మామూలుగా వాడే మందు ఏదో కనుక్కోండి. అదీ లేకపోతే ఆ సంగతి రేడియాలజిస్టుకి ఉన్నదున్నట్టు చెప్పండి. తీవ్రమైన రియాక్షన్ అయివుంటే ముందు అలర్జీ నిపుణుడి దగ్గర చర్మ పరీక్ష చేయించడం మేలు. ఇక్కడ చర్మ పరీక్షకు విలువ ఉంది, ఎందుకంటే రియాక్షన్ వచ్చిన మనిషికి ఏ మందు నప్పుతుందో వెతకడానికి చేస్తున్నది. రియాక్షన్ తర్వాత 1 నెల నుంచి 6 నెలల లోపు చేయిస్తే ఫలితం నమ్మదగినదిగా ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ పాజిటివ్ కావాల్సింది నెగెటివ్‌గా వస్తుంది. మందుని పలచన చేయకుండా చర్మం మీద గీటి, ఆపైన పదోవంతుకి పలచన చేసి చర్మంలోకి ఎక్కించి, 15–20 నిమిషాల తర్వాత చూస్తారు. సెటిరిజిన్ లాంటి అలర్జీ మాత్రలు (యాంటీహిస్టమిన్లు) 5–7 రోజుల ముందే ఆపకపోతే పరీక్ష అబద్ధం చెబుతుంది.

స్కాన్‌ని మార్చగలరా?

రియాక్షన్ స్వల్పమైతే ఈ ప్రశ్నకు పెద్ద పని లేదు. తీవ్రమైతే ముందు అడగాల్సింది ఇదే. కిడ్నీ రాళ్లకు కాంట్రాస్ట్ అక్కర్లేదు, మామూలు సీటీ చాలు. పిత్తనాళాల కోసం కాంట్రాస్ట్ లేకుండా ఎంఆర్‌ఐ యంత్రంతో తీసే ఎంఆర్‌సీపీ ఉంది. ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ అనుమానమైతే న్యూక్లియర్ మెడిసిన్ విభాగమున్న ఆస్పత్రిలో ఊపిరితిత్తుల్లో గాలి, రక్తం ఎలా పారుతున్నాయో చూసే వెంటిలేషన్–పెర్ఫ్యూజన్ స్కాన్ చేస్తారు. ఎంఆర్‌ఐకి వాడే గాడోలినియం పూర్తిగా వేరే జాతి మందు. సీటీ కాంట్రాస్ట్ పడనివాళ్లకు అదీ పడదనడానికి ఆధారం లేదు. గాడోలినియంకి రియాక్షన్లు ఇంకా అరుదు.

స్కాన్ అయిన గంట నుంచి వారం లోపు వచ్చే ఒళ్లంతా ఎర్రటి పొక్కులు మరో రకం. ఆలస్యంగా వచ్చే ఈ దద్దుర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి. కానీ నోట్లో, కళ్లలో పుండ్లు, చర్మం ఊడటం, జ్వరంతో ముఖం వాపు వచ్చి ఆస్పత్రిలో చేరాల్సి వచ్చిందంటే, అవి స్టీవెన్స్–జాన్సన్, డ్రెస్ లాంటి, మందు పడక వచ్చే తీవ్రమైన జబ్బులు. అలాంటివాళ్లకు మందు మార్చి ప్రయత్నించడం కూడా ఉండదు, స్టెరాయిడ్ కాపాడదు.

మందు మార్చడమా, స్టెరాయిడా

మేయో క్లినిక్ రేడియాలజీ పరిశోధకులు 2021లో ప్రచురించిన ఒక అధ్యయనం ఈ చర్చను తిప్పేసింది. అంతకుముందు రియాక్షన్ వచ్చినవాళ్లకు స్టెరాయిడ్ ఇచ్చి అదే మందు ఎక్కిస్తే 19 శాతం స్కాన్‌లలో మళ్లీ వచ్చింది. స్టెరాయిడ్ లేకుండా మందు మారిస్తే 3 శాతం. మందు మార్చి స్టెరాయిడ్ కూడా ఇచ్చినప్పుడు అదే 3 శాతం. అంటే పని చేసింది మార్పు.

ఏ మందుకి మారాలన్నది రేడియాలజిస్టు నిర్ణయం. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. ఐయోహెక్సాల్, ఐయోడిక్సనాల్ రెండిటి నిర్మాణం బాగా దగ్గర. ఒకదానికి బదులు రెండోది పెట్టుకుంటే మార్చిన లాభం పెద్దగా రాకపోవచ్చు. చిన్న ఊళ్ల సెంటర్లలో ఒకే రకం మందు ఉంచుతారు. అందుకే అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే 'నాకు ఫలానాది పడలేదు, మీ దగ్గర వేరేది ఏముంది?' అని అడిగి, తెప్పించడానికి రెండు మూడు రోజులు గడువు ఇవ్వండి. స్కాన్ రోజు ఉదయం అడిగితే ఉన్నదే ఎక్కిస్తారు.

2025 సూచనల ప్రకారం పాత రియాక్షన్ స్వల్పమైతే స్టెరాయిడ్ అక్కర్లేదు, వీలైనప్పుడు మందు మారిస్తే చాలు. మధ్యరకమైతే మార్పు ముఖ్యం, స్టెరాయిడ్ డాక్టర్ విచక్షణ. తీవ్రమైతే వేరే పరీక్ష చూడాలి. తప్పనిసరైతే మందు మార్చి, స్టెరాయిడ్ ఇచ్చి, అత్యవసర బృందం చేతికందే దూరంలో ఉన్న ఆస్పత్రిలోనే చేయాలి. వీధిలోని సెంటర్‌లో వద్దు.

స్టెరాయిడ్ ఇవ్వాలనుకుంటే టైము పాటించాల్సిందే. పాత పద్ధతిలో ప్రెడ్నిసొలోన్ 50 మి.గ్రా. స్కాన్‌కి 13, 7, 1 గంటల ముందు, దాంతోపాటు గంట ముందు ఒక యాంటీహిస్టమిన్. ఉదయం 10కి స్కాన్ అంటే ముందు రాత్రి 9, తెల్లవారుజామున 3, ఉదయం 9. ఆ మూడు గంటల డోస్‌కి అలారం పెట్టుకోకుండా నిద్రపోయేవాళ్లే ఎక్కువ. రెండో పద్ధతి మిథైల్ ప్రెడ్నిసొలోన్ 32 మి.గ్రా. 12 గంటల ముందు, 2 గంటల ముందు, అంటే రాత్రి 10కి ఒకటి, ఉదయం 8కి ఒకటి. అర్జెంటు రోగికి హైడ్రోకార్టిజోన్ 200 మి.గ్రా. నరానికి ఇచ్చి, కాంట్రాస్ట్ ఎక్కించేదాకా 4 గంటలకోసారి వేస్తారు.

బల్ల మీద పడుకోబెట్టి వేసే హైడ్రోకార్టిజోన్ ఎందుకు పనికిరాదంటే, స్టెరాయిడ్ కణం లోపలికి వెళ్లి జన్యువుల పనితీరు మార్చాక గానీ దాని ప్రభావం మొదలవదు. దానికి గంటలు పడుతుంది. నాలుగైదు గంటలకన్నా తక్కువ వ్యవధిలో ఇస్తే కాపాడుతుందనడానికి ఆధారం లేదు. నష్టం మాత్రం ఒకటుంది, 'ఇంజెక్షన్ వేశాంగా' అన్న ధీమాతో పాత మందునే వాడేస్తారు. షుగర్ ఉన్నవాళ్లకు ఈ డోస్‌లతో ఒకటి రెండు రోజులు గ్లూకోజ్ బాగా పెరుగుతుంది, ఇంట్లో పరీక్షించుకుంటూ ఉండాలి.

స్కాన్ రోజు

కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు వెంట తీసుకెళ్లండి. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ వేసుకునేవాళ్లందరూ దాన్ని ఆపనక్కర్లేదు. ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ వడపోత లెక్క) 30కి తక్కువ ఉన్నవాళ్లు, కిడ్నీ హఠాత్తుగా దెబ్బతిన్నవాళ్లు మాత్రం ఆపి, 48 గంటల తర్వాత కిడ్నీ చూసుకుని మళ్లీ మొదలుపెట్టాలి. ఆస్థమా ఉంటే ఇన్‌హేలర్ జేబులో ఉండాలి, పిల్లికూతలు ఉన్న రోజు స్కాన్ వాయిదా వేయించండి. అటెనొలాల్, మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్లు (బీపీ, గుండె మందులు) వేసుకుంటుంటే ఆపకండి, కానీ చెప్పండి. రియాక్షన్ వస్తే అడ్రినలిన్ సరిగా పనిచేయకపోవచ్చు, అప్పుడు గ్లూకగాన్ అనే వేరే ఇంజెక్షన్ కావాల్సి వస్తుంది. నాన్‌అయానిక్ మందుకి రాత్రంతా ఉపవాసం అవసరం లేదు. నీళ్లు తాగి వెళ్తేనే నరం బాగా దొరుకుతుంది. పాలిచ్చే తల్లులు పాలు ఆపనక్కర్లేదు.

పడుకునేముందు ఒక్క ప్రశ్న అడగండి: 'అడ్రినలిన్ ఈ గదిలో ఉందా?' నసగకుండా చేత్తో చూపించగలగాలి. స్కాన్ అయ్యాక నరానికి పెట్టిన సూది (క్యాన్యులా) వెంటనే తీయనివ్వకండి. ముఖ్యమైన రియాక్షన్లు చాలావరకు మొదటి 20 నిమిషాల్లోనే వస్తాయి, బీపీ పడిపోయాక నరం దొరకదు. పాత రియాక్షన్ ఉన్నవాళ్లు సూదితోనే 30 నిమిషాలు అక్కడే కూర్చోవాలి.

వస్తే

నాలుగు దద్దుర్లు, దురద అయితే సెటిరిజిన్‌తో గమనిస్తే సరిపోతుంది. గొంతు బిగుసుకోవడం, ఆయాసం, బీపీ పడటం మొదలైతే మొదటి మందు అడ్రినలిన్. ఎవిల్ కాదు, డెక్సా అనే స్టెరాయిడూ కాదు. 1 మి.లీ.లో 1 మి.గ్రా. ఉండే ఆంప్యూల్ నుంచి పెద్దవాళ్లకు అర మి.లీ., తొడ బయటివైపు కండరానికి. పిల్లలకు కిలోకి 0.01 మి.గ్రా. తగ్గకపోతే 5 నిమిషాలకు మళ్లీ. కాళ్లు ఎత్తి పడుకోబెట్టాలి, ఆయాసమైతే కూర్చోబెట్టాలి, హఠాత్తుగా లేపి నడిపించకూడదు. ఆక్సిజన్, సెలైన్ వెంట నడవాలి. ఎవిల్, స్టెరాయిడ్ ముందు వేసి 'చూద్దాం' అని అడ్రినలిన్‌ని ఆపడమే ఎక్కువగా జరిగే తప్పు. అది ఆలస్యమైనకొద్దీ ప్రమాదం పెరుగుతుంది.

మనిషి కుదుటపడ్డాక, రియాక్షన్ వచ్చిన 1–2 గంటల్లో రక్తం తీసి ట్రిప్టేజ్ (మాస్ట్ కణాలు వదిలే పదార్థం) పరీక్షకు పంపమని అడగండి. 24 గంటలు దాటాక ఇంకోసారి తీస్తే పోల్చడానికి కుదురుతుంది. మొదటిది రెండోదానికన్నా బాగా ఎక్కువుంటే మాస్ట్ కణాలు పేలాయని రుజువు. రెండూ ఎక్కువే ఉంటే మాస్ట్ కణాలు అతిగా పెరిగే మాస్టోసైటోసిస్ అనే జబ్బు ఉందేమో వెతకాలి. రెండు మూడు రోజుల్లో దవడల కింద, చెవుల ముందు నొప్పిలేకుండా వాచితే గవదబిళ్లలని కంగారుపడకండి. కాంట్రాస్ట్‌లోని అయోడైడ్ లాలాజల గ్రంథుల్లో చేరడం వల్ల అరుదుగా అలా అవుతుంది, దానంతటదే తగ్గుతుంది.

ఇంటికి వెళ్లేముందు సమ్మరీలో 'అయోడిన్ అలర్జీ' అని ఉంటే కొట్టించి ఇలా రాయించండి: 'ఐయోహెక్సాల్ 350, 80 మి.లీ., ఎక్కించిన 4 నిమిషాలకు ఒళ్లంతా దద్దుర్లు, ముఖం వాపు, ఆయాసం లేదు, బీపీ మామూలే, అడ్రినలిన్ ఇవ్వలేదు.' తర్వాత వేరే మందు ఎక్కించుకుని ఏమీ కాకపోతే ఆ మందు పేరు, తేదీ కూడా కిందనే చేర్చించి, ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. వచ్చేసారి స్కాన్ అర్ధరాత్రి ఎమర్జెన్సీలో పడితే రేడియాలజిస్టు ముందు అడిగేది పడిన మందు పేరే.